ఎవరూ ముట్టుకోకుండానే వెనక డోర్ గ్లాసు పేలిపోయింది. కారణం పట్టుకోవడం ఎలా?

నిదానంగా80:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైతే ఓపిక పట్టండి.

మొన్న శనివారం మధ్యాహ్నం మూడు దాటింది. మంచి ఎండ. వెడల్పాటి రోడ్డు, ముందు ఒక లారీ ఉంది గానీ ఎక్కడో దూరంగా, పక్కన ఎవరూ లేరు. స్పీడు 80. నా పేరు చూశారుగా, అంతకు మించి పోను. అద్దాలన్నీ పైకే ఉన్నాయి, ఏసీ నడుస్తోంది. ఉన్నట్టుండి వెనక ఫెళ్ళుమని ఒక చప్పుడు. టైరు పేలిందనుకుని బ్రేకు తొక్కేశాను. బండి ఏ పక్కకీ లాగలేదు. ఆ తర్వాతే గాలి హోరు వినిపించింది. ఎడమ వైపు వెనక తలుపు గ్లాసు లేదు.

లేదు అంటే పూర్తిగా పోలేదు. లోపలి వైపు సన్ ఫిల్మ్ వేయించి ఉంది. పై సగం ఫిల్మ్‌తో సహా చిరిగి బయటికి వేలాడుతూ ముక్కలు రాలుస్తోంది. కింది సగం నుగ్గునుగ్గయినా ఫిల్మ్‌ను పట్టుకుని నిలబడే ఉంది.

వెనక సీటులో మా అత్తగారు, కుడి వైపున. ఎడమ వైపు ఎవరూ లేరు, ఆవిడ చేతికర్ర మాత్రం తలుపుకు ఆనించి ఉంది. బండి పక్కకు ఆపి తిరిగి చూస్తే ఆవిడ చీర మీద వడగళ్ళు పడ్డట్టు గాజు పలుకులు. రెండు చేతులూ పైకెత్తి, "నేనేం ముట్టుకోలేదు బాబూ" అన్నారు. అదే మొదటి మాట. దెబ్బ తగిలిందా అని నేనింకా అడగనే లేదు. (తగల్లేదు. ముంజేతి మీద ఒక చిన్న గీత, అంతే.)

మర్నాడు చూడ్డానికి వచ్చిన మా తోడల్లుడు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి తీర్పు చెప్పేశాడు. బయటి నుంచి రాయి తగిలితే ముక్కలు లోపలికి పడాలట. మనకు ఎక్కువ బయటే పడ్డాయి కాబట్టి లోపలి నుంచే ఏదో తగిలిందట. ఏదో అంటే ఏదో అందరికీ అర్థమైంది. ఆవిడా విన్నారు. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్ళినా కర్ర డిక్కీలో పెట్టమంటున్నారు, దిగాక డిక్కీ తీసేదాకా తలుపు పట్టుకుని నిలబడుతున్నారు.

కొత్త గ్లాసు ఇంకో నాలుగు రోజులకు వస్తుందట. అప్పటిదాకా ప్లాస్టిక్ షీటే దిక్కు. గ్లాసు మార్చడం పెద్ద విషయం కాదు. ఎందుకు పగిలిందో తెలియాలి. రాయి కాదు, ఎవరూ కొట్టలేదు, తలుపుకు ఎప్పుడూ గుద్దులు తగల్లేదు. ఏసీ చలువకూ ఎండకూ మధ్య పగిలిందని ఒకరు, గ్లాసు తయారీలోనే లోపమని ఒకరు. పది రోజులుగా అత్తగారు ఆ కిటికీ గురించి ఏదో అంటూనే ఉన్నారు గానీ పెద్దవాళ్ళకు కారులో అన్నీ శబ్దాలే వినిపిస్తాయి, నేను పెద్దగా పట్టించుకోలేదు. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పాతగేరు:

రాయే అన్నా. లారీ దూరంగా ఉందన్నావు, సరే. దాని టైరు కింద నుంచి లేచిన రాయి రోడ్డు మీద ఒకసారి ఎగిరి వస్తే నీకెక్కడ కనబడుతుంది? నాకు రెండుసార్లు అయింది. వదిలెయ్, కొత్తది వేయించు.

సైన్సుపంతులు:

ముందు మీ తోడల్లుడి గారి వాదన సంగతి చూద్దాం, అది తప్పు. బండి వేగంగా పోతున్నప్పుడు పక్క అద్దాల మీదుగా గాలి జారిపోతుంది. అక్కడ బయటి పీడనం లోపలి పీడనం కన్నా తక్కువ ఉంటుంది. గ్లాసు గట్టిగా ఉన్నంతసేపూ ఆ లాగుడు మనకు తెలియదు. నుగ్గయిన మరుక్షణం ముక్కలన్నిటినీ గాలి బయటికే లాగేస్తుంది. కాబట్టి ఎటు పడ్డాయన్నది చూసి ఎటు నుంచి దెబ్బ తగిలిందో చెప్పడానికి లేదు. ఆగి ఉన్న బండి అయితే కొంత చెప్పొచ్చు.

రెండోది, ఈ గాజు స్వభావం. మీ పక్క అద్దం టెంపర్డ్ గాజు. 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చి, ఆ వేడి మీదే రెండు పక్కలా చల్లగాలి జోరుగా కొడతారు. పైపొరలు ముందు గట్టిపడతాయి. లోపలి భాగం తర్వాత చల్లబడి కుంచించుకుపోవాలని చూస్తుంది గానీ బిగుసుకున్న పైపొరలు పోనివ్వవు. దాంతో పైపొరలు నొక్కుకుపోయి, నడిమి పొర లాక్కుపోయి, ఆ పెనుగులాట జీవితాంతం గాజులోనే ఉండిపోతుంది. దాని బలమంతా అందులోంచి వచ్చిందే, పగిలితే ఒకేసారి పిండి కావడమూ అందుకే. ఒక్కో వైపు నొక్కుడు పొర మొత్తం మందంలో సుమారు ఐదో వంతు. గ్లాసు 4 మిల్లీమీటర్లు అనుకుంటే పైపొర 0.8 మిల్లీమీటర్లు. గీత అంతకన్నా లోతుకు దిగి నడిమి పొరను తాకిందా, ఇక ఆగదు. బీట సెకనుకు సుమారు కిలోమీటరున్నర వేగంతో పోతుంది. మీ గ్లాసు ఈ చివర నుంచి ఆ చివరికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. మీకు వినిపించిన ఫెళ్ళు అదే.

కరిగిన గాజు బొట్టును చన్నీళ్ళలో పడేస్తే తోక ఉన్న గాజు గుండు తయారవుతుంది, రూపర్ట్ యువరాజు పేరుతో పిలుస్తారు. 1660ల్లోనే లండన్ రాయల్ సొసైటీ వాళ్ళు దాని మీద తలలు బద్దలు కొట్టుకున్నారు. తలకాయ మీద సుత్తితో కొట్టినా పగలదు, తోక కొస విరిస్తే మొత్తం పొడి. మీ తలుపులో ఉన్నదీ ఆ జాతిదే. (తరగతిలో చేసి చూపించాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అనుమతి రాలేదు.)

ఏసీ మాట: టెంపర్డ్ గాజు సుమారు 200 డిగ్రీల తేడా వరకు తట్టుకుంటుంది. ఎండా ఏసీ కలిసినా అందులో మూలకు రావు. తయారీ లోపం మాట: గాజులో నికెల్ సల్ఫైడ్ రేణువు చిక్కుకుపోతే ఏళ్ళ తర్వాత దానంతట అదే పగలగలదు. 379 డిగ్రీల పైన ఆ రేణువుకు ఒక రూపం, కింద ఇంకో రూపం. గాజును గబుక్కున చల్లార్చడంతో పాత రూపంలోనే ఇరుక్కుపోతుంది, తర్వాత నింపాదిగా మారుతూ ఉబ్బుతుంది. నాకు దీని మీదే అనుమానం.

గాజుపని:

ఇరవై ఏళ్ళుగా బండ్లకు గ్లాసులు బిగించడమే నా పని. పంతులుగారు చెప్పిన గాజు సంగతి నిజం, అనుమానం మాత్రం నాకు నచ్చలేదు. ఆ నికెల్ గొడవ ఎక్కువగా భవనాలకు వాడే మందపాటి గాజులో వింటాం. డోర్ గ్లాసు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. దానంతట అదే పగిలిందని నా దగ్గరకు వచ్చిన ప్రతి డోర్ గ్లాసుకూ అంచులోనే కథ దొరికింది.

గ్లాసు నడిబొడ్డున పిడికిలితో గుద్దండి, చెయ్యి నొప్పి పుడుతుంది. అదే గ్లాసు అంచుకు ఇనుప మొన ఒకటి తగిలితే చాలు. అందుకే నేను గ్లాసును వట్టి నేల మీద నిలబెట్టను, రబ్బరు మ్యాట్ ఉండాల్సిందే. కొత్త కుర్రాళ్ళకు మొదటి రోజు నేర్పేది అదే. అంచుకు దెబ్బ తగిలిన రోజే పగలాలని లేదు. చిన్న పెచ్చు లేస్తుంది, కంటికి కూడా ఆనదు. వారం పోవచ్చు, ఏడాది పోవచ్చు. గుంతలో పడ్డప్పుడో, తలుపు గట్టిగా వేసినప్పుడో, ఏమీ లేకుండా పోతున్నప్పుడో ఆ పెచ్చు లోపలికి దిగుతుంది. మీరు 80లో పోతుంటే పగిలింది గానీ దానికి గాయమైంది మీరు 80లో పోతున్నప్పుడు కాదు.

మీరు అదృష్టవంతులు, ఫిల్మ్ ఉంది. ఆ కింది సగం పారేశారా? పారేయకపోతే ఫోటో తీసి చూడండి. బీటలు ఒక చోట నుంచి విసనకర్రలాగా విచ్చుకుని ఉంటాయి. ఆ పిడి ఎక్కడుందో అదే మొదలు. రాయి తగిలి ఉంటే ఆ పిడి దగ్గర గాజు పొడై తెల్లటి మచ్చ ఉంటుంది, అదీ గ్లాసు మధ్యలోనో పైనో. పిడి కింది అంచు వైపు, తలుపు లోపలికి చూపిస్తుంటే రాయి మాట మర్చిపోండి.

ఇంకో రెండు అడగాలి. ఈ మధ్య ఆ తలుపు ఎవరైనా విప్పారా? విండో మెషీన్ (గ్లాసును పైకీ కిందికీ జరిపేది), స్పీకరు, లాకు, ఏదైనా సరే. డోర్ మీద వాన రేకు (కిటికీ పైన జల్లు ఆపే పట్టీ) అతికించారా? రేకు గ్లాసును నొక్కుతూ ఉంటే అదీ చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం, అత్తగారు "ఏదో అంటూనే ఉన్నారు" అని రాశారు. ఏదో అంటే ఏమిటి? ఆవిడను కూర్చోబెట్టి అడిగి, ఆవిడ మాటల్లోనే ఇక్కడ రాయండి. వెనక సీటులో కూర్చునేవాళ్ళకు వినపడేది ముందు కూర్చున్నవాళ్ళకు వినపడదు.

ఇద్దరుపిల్లలఅమ్మ:

కారణం సంగతి పెద్దలు చూస్తారు, నేను శుభ్రం గురించి చెప్తాను. మాకు ఇలాగే అయింది, వెనక సీటులో చిన్నది నిద్రపోతోంది. బ్రేకు తొక్కేశానన్నారు చూడండి, ఈసారి దయచేసి తొక్కకండి. చప్పుడు వినగానే ఎవరికైనా కాలు అటే పోతుంది, నాకూ పోయింది. వెనక ఒక బస్సు ఉంది, అంతకన్నా చెప్పను. యాక్సిలరేటర్ వదిలి, నాలుగు లైట్లూ వేసి, మెల్లగా పక్కకు తీయడమే.

ఆ తలుపు స్విచ్ నొక్కకండి, మెషీన్‌లో ముక్కలు ఇరుక్కుని మోటారు పోతుంది. చేత్తో సీటు దులపకండి, వాక్యూమ్ క్లీనరే వాడండి, అదీ ఒక్కసారి కాదు. మొదటి రోజు అంతా పోయిందనుకున్నాం. మూడు నెలల తర్వాత సీటు పట్టాల సందులోంచి ఒక పిడికెడు వచ్చింది. సీట్ బెల్టును చివరిదాకా లాగి రెండు వైపులా చూడండి. బకిల్ లోపల ఒక పలుకు పడితే క్లిక్కుమన్నట్టే ఉంటుంది గానీ సరిగ్గా పట్టదు. పిల్లల సీటు ఉంటే గుడ్డ విప్పి దులపాలి. కంట్లో పడిందనిపిస్తే నలపకుండా నీళ్ళతో కడగాలి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికే.

ప్లాస్టిక్ షీటు బయటి వైపు వేసి, టేపు అంచు తలుపు లోపలికి మడవండి. పెయింటు మీద అంటిస్తే ఎండకు జిగురు పట్టి ఊడిరాదు. స్పీడులో గుబ్‌గుబ్‌మని చెవులు అదిరిపోతే ఇంకో కిటికీ కొంచెం దింపండి, తగ్గిపోతుంది.

అత్తగారి గీతకు ఏమైనా రాశారా?

నిదానంగా80:

రాశాం అమ్మా, మానిపోయింది. సీట్ బెల్టు మాట చెప్పి మంచి పని చేశారు. మధ్య బకిల్‌లో నిజంగానే ఒక పలుకు దొరికింది.

గాజుపని గారూ, కింది సగం పారేయలేదు. నేల మీద పరిచి, నిలబడి ఫోటో తీశాను. మీరన్నట్టే విసనకర్ర. పిడి మాత్రం గ్లాసులో లేదు! బీటలన్నీ కింది అంచు వైపు, ముందు మూలకు దగ్గరగా దిగి, తలుపు లోపలికి పోయే చోట తెగిపోయాయి. తెల్ల మచ్చ ఎక్కడా లేదు.

వాన రేకులు లేవు. తలుపు విప్పారా అంటే, ఆరు వారాల కింద ఆ కిటికీ మోటారు పోతే మెషీన్ మొత్తం మార్పించాను. పని చేసినవాళ్ళ పేరు ఇక్కడ రాయను, బాగానే పని చేస్తోంది కదా అని నేనూ మర్చిపోయాను.

అత్తగారిని అడిగాను. మొదట "నాకెందుకు బాబూ" అన్నారు. కర్ర గురించి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నానని చెప్పాక అన్నారు: "అద్దం పైకి ఎక్కేటప్పుడు ఏమీ లేదు. దింపేటప్పుడు ఏమీ లేదు. పూర్తిగా పైకెళ్ళి ఆగేటప్పుడు మాత్రం అడుగున టక్కుమంటుంది, గాజు గ్లాసుకు చెంచా తగిలినట్టు. గతుకుల్లో కూడా చెంచా శబ్దమే." పది రోజుల కింద నాతో అన్నదీ ఇదేనట. నాకు మాత్రం ఏదో శబ్దం అన్నట్టే గుర్తుంది.

గాజుపని:

అయిపోయింది. ఆవిడను నా దగ్గర పనిలో పెట్టుకుంటాను.

గ్లాసు అడుగున రెండు బొక్కలుంటాయి, మెషీన్ చెయ్యి అక్కడ బోల్టుతో పట్టుకుంటుంది. ఈ బొక్కలు టెంపరింగ్‌కు ముందే వేస్తారు, తర్వాత వేయబోతే గాజు మిగలదు. బొక్క అంటే లోపల ఉన్న అంచు అన్నమాట. అందుకే బోల్టుకూ గాజుకూ మధ్య ప్లాస్టిక్ బుష్ ఒకటి పెట్టి ఉంటుంది, చిటికెన వేలి గోరంత. మెషీన్ మార్చేటప్పుడు పాత బుష్ పాత మెషీన్‌తోనే పోతుంది, లేదా చిట్లి కింద పడుతుంది. కొత్తది వేయకుండా బోల్టు బిగిస్తే ఇనుము నేరుగా గాజు మీద ఆనుతుంది. పైకి వెళ్ళి ఆగే క్షణంలో మెషీన్ ఇంకా నెడుతూ ఉంటుంది, గ్లాసు కదలదు, మొత్తం బలం ఆ బొక్క అంచు మీదే. చెంచా శబ్దం అక్కడిదే.

డోర్ ట్రిమ్, అంటే తలుపు లోపలి వైపు అట్ట, విప్పించి చూడండి. ముందు బోల్టుకు ఇంకా ఒక ముక్క గాజు పట్టుకుని ఉంటుంది. విప్పినప్పుడే అడుగున ఉన్న ముక్కలన్నీ తీయించి, తలుపు కింద నీళ్ళు పోయే బెజ్జాలు పొడిచి చూడమనండి. అవి మూసుకుపోతే వానాకాలం తలుపులో నీళ్ళు నిలిచి తుప్పు పడుతుంది.

ఆ రోజు బయల్దేరే ముందు ఆ తలుపు చివరిగా వేసింది ఎవరు?

పాతగేరు:

సరే రాయి కాదు. ఒప్పుకున్నా. ఇంకో అనుమానం, డబ్బు ఎక్కువైనా సరే విండ్‌షీల్డ్‌లా లామినేటెడ్ గ్లాసు వేయించుకుంటే ఈ బాధే ఉండదు కదా?

గాజుపని:

కొన్ని బండ్లకు కంపెనీ నుంచే వస్తుంది, గ్లాసు మూలన రాసి ఉంటుంది చదువుకోండి. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ఊడిపడదు, నిశ్శబ్దంగా కూడా ఉంటుంది. మీ బండికి ఆ గ్లాసు చేసి ఉంటేనే వేయాలి, మందం తేడా వస్తే బీడింగ్‌లో, అంటే గ్లాసు చుట్టూ ఉండే రబ్బరు పట్టీలో, బిగుసుకుపోతుంది. పైగా నీళ్ళలో పడ్డప్పుడు బయటపడాలంటే అది పగలదు. 2019లో అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం వాళ్ళు కిటికీ పగలగొట్టే పనిముట్లు ఆరు పరీక్షించారు. టెంపర్డ్ గాజును నాలుగు పగలగొట్టాయి. లామినేటెడ్‌ను ఒక్కటీ పగలగొట్టలేదు. సుత్తి కొని డాష్‌బోర్డులో పెట్టుకునేవాళ్ళు ముందు తమ గ్లాసు ఏదో చూసుకోవాలి.

సైన్సుపంతులు:

నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను. నిదానంగా గారూ, ఫిల్మ్ మీద మిగిలిన దాంట్లో ఒక చోట ఐదు సెంటీమీటర్ల చదరం గీసి ముక్కలు లెక్కపెట్టగలరా? బండ్ల గాజు గురించిన ఐక్యరాజ్యసమితి 43వ నియమం ప్రకారం టెంపర్డ్ గ్లాసు పరీక్షలో అంత చదరంలో కనీసం 40 ముక్కలు కావాలి. తక్కువైతే పెద్ద పెద్ద ముక్కలై కోస్తుంది. ఊరికే, కుతూహలం.

నిదానంగా80:

పంతులుగారూ, 63. రెండుసార్లు లెక్కపెట్టాం. రెండోసారి లెక్కపెట్టింది అత్తగారు, ఆవిడకు 61 వచ్చింది.

నిన్న ట్రిమ్ విప్పించాను. ఈసారి పక్కనే నిలబడ్డాను. వెనక బోల్టుకు నల్ల బుష్ ఉంది. ముందు బోల్టుకు లేదు. రూపాయి బిళ్ళంత గాజు ముక్క బోల్టును కరుచుకుని ఉంది, బొక్క చుట్టూ ఒక పక్క అంచు గరుకుగా, ఉలితో చెక్కినట్టు. బోల్టు మర మీద గాజు పొడి. బుష్ తలుపు అడుగునా దొరకలేదు, అంటే అసలు వేయనే లేదు. మెషీన్ మార్చినవాళ్ళకు ఫోటో పంపాను. మొదట "గ్లాసు పాతది కదండీ" అన్నారు, ఆ ముక్క ఫోటో చూశాక బిగింపు కూలీ వద్దన్నారు. సరే అన్నాను.

అత్తగారికి బోల్టు తెచ్చి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. గోటితో గాజు ముక్క మీద టక్కున కొట్టి, "ఇదే" అన్నారు. సాయంత్రం గుడికి బయల్దేరితే కర్ర డిక్కీలో పెట్టమనలేదు.

తలుపు చివరిగా వేసింది మా తోడల్లుడే. సామాను పెట్టి వేశాడు. ఆయన తలుపు వేస్తే వీధి చివరికి వినపడుతుంది.

ఒక్క సందేహం. కుడి వెనక తలుపు కూడా విప్పించాను, బుష్‌లు రెండూ ఉన్నాయి గానీ ఒకటి చిట్లింది. కొత్తది వచ్చేదాకా ఆ కిటికీ పైకెత్తి స్విచ్ లాక్ చేసి ఉంచాను. సరిపోతుందా?

గాజుపని:

పూర్తిగా పైకి కాదు, పై బీడింగ్‌ను తాకీ తాకనట్టు ఉంచండి, బుష్ మీద బలం పడదు. తలుపు నెమ్మదిగా వేయాలి. తోడల్లుడికి మీరే చెప్పండి.